జూరాల ఒడ్డున భోజనం

పిల్లలూ! సముద్రపు ఒడ్డున ఉండే పల్లెల్లో పడవ దిగిన చేపను అక్కడికక్కడే వండి పెట్టే చిన్న చిన్న హోటళ్ళు ఉంటాయని మీరు వినే ఉంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల వాళ్ళకు ఆ భాగ్యం ఎక్కడిది అనుకుంటున్నారా? నిజమే, మా వైపు నుంచి సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాని మాకు కృష్ణానది ఉంది. నది ఉన్నచోట ఒడ్డు ఉంటుంది; ఒడ్డు ఉన్నచోట వల ఉంటుంది; వల ఉన్నచోట పొయ్యి కూడా ఉంటుంది!

కృష్ణ మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర కొండల్లో పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నడకలో గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య దానికి ఒక ఆనకట్ట అడ్డు వస్తుంది. అదే ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు. 1995లో అది వాడుకలోకి వచ్చింది. కుడి ఎడమల రెండు కాలువలతో సుమారు లక్ష ఎకరాలకు నీరివ్వడానికి దానిని కట్టారు. ఆనకట్ట వెనుక నిలిచిన నీరు కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. ఎదురు ఒడ్డు కనపడని చోట నిలబడి చూస్తే, సముద్రం చూడని పిల్లవాడు అదే సముద్రమనుకుంటాడు.

ఆ ఆనకట్ట దగ్గర రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్మే హోటళ్ళు వరసగా ఉన్నాయి. ఆ చేపల కోసమే దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళున్నారు. పోయిన చలికాలంలో సెలవులకు వచ్చిన మా మనవణ్ణి తీసుకుని నేనూ వెళ్ళాను. మేము కూర్చున్నది ఒక రేకుల పందిరి కింద. రెండు బల్లలు, ఒక పెద్ద పొయ్యి, దానిమీద వెడల్పాటి కడాయి, అంతే ఆ హోటలు. నడిపేది యాభై ఏళ్ళ ఒక అమ్మ.

"కూసోండ్రి సారూ. చేప ఇప్పుడే ఒచ్చింది, మీరే చూసి చెప్పుండ్రి," అంటూ ఆమె ఒక చేపను మా ముందు పెట్టింది.

నేను వృత్తిరీత్యా ఉపాధ్యాయుణ్ణి గదా, ఊరికే ఉంటానా? మనవడికి పాఠం మొదలుపెట్టాను. మీరూ వినండి. తాజా చేప కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉంటుంది; నిలవ చేప కన్ను గుంటపడి మసకబారుతుంది. చెవుల దగ్గర మూత ఎత్తి చూస్తే మొప్పలు ఎర్రగా ఉండాలి; గోధుమరంగుకు తిరిగితే నిలవదన్నమాట. వేలితో నొక్కితే సొట్ట వెంటనే పూడిపోవాలి. మేక మాంసం కంటే చేప ఎందుకు త్వరగా చెడిపోతుంది? దాని కండలో నీరు ఎక్కువ, కండను కట్టి ఉంచే నరాలవంటి పీచు తక్కువ. అందువల్ల సూక్ష్మజీవులు సులువుగా లోపలికి చొచ్చుకుపోతాయి. కాబట్టి వలకూ కడాయికీ మధ్య దూరం ఎంత తక్కువైతే చేపకు అంత రుచి.

ఆ చేప బొచ్చె. ఆమె దాన్ని ముక్కలు కోసి, ఉప్పూ కారమూ అల్లంవెల్లుల్లీ పట్టించి నూనెలో వేసింది. చుయ్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు నూనెది కాదు, నీళ్ళది! నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. కాగిన నూనె అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. చేపలోని తడి ఒక్కసారిగా ఆవిరై బయటికి దూసుకువస్తుంది. ఆ ఆవిరి బయటికి వస్తున్నంతసేపూ నూనెను లోపలికి రానివ్వదు. నూనె కాగకముందే ముక్క వేస్తే ఆవిరి చాలదు, ముక్క నూనె తాగేస్తుంది.

పక్కన జొన్నరొట్టె, ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టింది. జొన్నపిండిని మరిగే నీళ్ళతో ఎందుకు కలుపుతారో తెలుసా? గోధుమపిండిలో ఉండే జిగురు పదార్థం జొన్నలో లేదు. వేడినీళ్ళు తగిలితే జొన్నలోని గంజి పదార్థం ఉబ్బి, అది జిగురు పని చేస్తుంది. అప్పుడే రొట్టె విరగకుండా చేతులతో తట్టడానికి వస్తుంది. ఏ బడికీ వెళ్ళని మన అవ్వలకు ఈ సంగతి ఏనాడో తెలుసు.

"పొలం నుంచి పళ్ళెంలోకి" అని పట్నాల్లో ఈ మధ్య కొన్ని హోటళ్ళవాళ్ళు బోర్డులు రాసుకుంటున్నారు. జూరాల ఒడ్డున ఆ బోర్డు అక్కర లేదు. చేప ఎదుట ఉన్న నీళ్ళది. జొన్నలు ఆమె తమ్ముడి చేనివి. నూనె మా నేలలో బాగా పండే పల్లీలది. అయితే ఒక తమాషా చూడండి. పల్లీ, మిరపకాయ ఈ రెండూ మన దేశపు మొక్కలు కావు. వాటి పుట్టిల్లు అమెరికా ఖండం. కొన్ని వందల ఏళ్ళ కిందట ఓడలెక్కి వచ్చాయి. ఇప్పుడు మా ఎర్రనేలలే వాటి ఇల్లు.

మేము తింటూ ఉండగానే ఒక యువకుడు సైకిలు మోటారు మీద గంప పెట్టుకుని వచ్చాడు. గంపనిండా చేపలే. ఒక్కొక్కటి మీ అరచేతి కంటే చిన్నది.

"అక్కా, అగ్గువకు ఇస్త, తీసుకో," అన్నాడు.

ఆమె గంపలో చెయ్యి పెట్టి చూసింది. "ఇవి బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు తమ్ముడూ. నాకొద్దు."

"గిప్పుడు నేను పట్టకుంటె ఇంకొకడు పడ్తడక్కా. నా ఇంట్ల పిల్లలు లేరా?" అన్నాడతను. అతని మాటలో కోపం లేదు, అలసట ఉంది.

"ఉన్నరు. అందుకే చెప్తున్న. వచ్చే ఏడు వాళ్ళకేం పెడ్తవు? పెద్దది దొరికినప్పుడు తే. రేటు తక్కువ చెయ్య."

అతను మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అర్ధగంట గడిచేసరికి అదే దారిన తిరిగి వచ్చాడు. గంప ఖాళీ! ఎక్కడో అమ్ముడుపోయాయన్నమాట.

మా మనవడు నా చెవిలో అడిగాడు: "తాతా, ఈమె వద్దంటే ఏం లాభం? చేపపిల్లలు బతకలేదు కదా!"

మంచి ప్రశ్న. మీకూ అదే తోచి ఉంటుంది. జవాబు చెప్పే ముందు ఒక లెక్క చేద్దాం. ఆ చేపపిల్ల ఒకటి 50 గ్రాములనుకోండి. కిలోకు 20 తూగుతాయి. ఆ ఇరవైనీ నీళ్ళలోనే వదిలేస్తే, సగం చచ్చిపోయి పదే మిగిలాయనుకున్నా, ఒక్కొక్కటి కిలో బరువుకు పెరిగిన నాడు పది కిలోలు! అంటే ఇవాళ కిలో చేప తిన్నవాడు రేపటి పది కిలోలు తినేశాడన్నమాట.

ఇంకొక సంగతి. బొచ్చె, రవ్వ జాతి చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు వరదలో, పారే నీటిలోనే పెడతాయి. అందువల్ల చెరువుల్లో, జలాశయాల్లో వీటి పిల్లలను మనుషులే వదలాలి. ఆ పిల్లలు ఎక్కడివి? 1957లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే మన శాస్త్రజ్ఞులు ఒడిశాలో ఈ కుటుంబపు చేపలకు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, గుడ్లు పెట్టించారు. అది జులై 10వ తేదీన జరిగింది. అందుకే మన దేశంలో ఆ రోజును చేపల రైతుల దినంగా జరుపుకుంటారు. తెలంగాణలో 2016–17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను నీళ్ళలో వదిలే పని ఆరంభించింది. ఇంత విద్య, ఇంత ఖర్చు ఒక ఎత్తు. దోమతెరలాంటి సన్నకన్నుల వల ఒక ఎత్తు. ఆ వలకు పిల్లా తల్లీ అన్న తేడా లేదు. కృష్ణ దిగువకు పోయి నాగర్‌కర్నూలు జిల్లాలో సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయపు నీటిలో నిలుస్తుంది. అక్కడి మత్స్యకారులు కూడా ఈ సన్నవలలతోనే, అలవి వలలతోనే, పోరాడవలసి వస్తున్నది. వాటిని వాడరాదని నిషేధం ఉంది. కాని నిషేధం కాగితం మీద ఉంటుంది, ఆకలి కడుపులో ఉంటుంది.

ఇక మనవడి ప్రశ్న. దాన్ని నేను ఆ అమ్మనే అడిగాను. ఆమె చేపముక్క తిప్పుతూ ఇలా అన్నది:

"నా కడాయిల ఏం పడాల్నో అది నా చేతిల ఉంది సారూ. పక్క కడాయి నా చేతిల లేదు."

మావాడు కాసేపు ఆలోచించి, "మరి తినేవాళ్ళ చేతిలో?" అన్నాడు.

ఆమె నవ్వింది. "గది అడుగు బిడ్డా! కొనేటోడు వద్దంటె పట్టేటోడు పట్టడు."

చూశారా పిల్లలూ! నేను ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను గాని, ఆ రోజు సగం పాఠం ఆమె చెప్పింది, మిగిలిన సగం మా మనవడు పూర్తి చేశాడు.

ఇప్పుడు మీకు ఒక పని. ఈ ఆదివారం మీ కంచంలో ఉన్న పదార్థాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కటి ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎన్నాళ్ళ వయసులో కోశారు లేక పట్టారు, అమ్మనో నాన్ననో కూరగాయల అంగడివాణ్ణో అడిగి తెలుసుకోండి. ఇంట్లో చేపలు కొనేటప్పుడు మీరూ వెంట వెళ్ళండి. చిన్న చేపలన్నీ పిల్లలు కావు సుమా! పరకలవంటివి ఎంత పెరిగినా చిన్నగానే ఉంటాయి, వాటిని హాయిగా తినవచ్చు. పెద్దగా పెరిగే జాతి పిల్లలు ఏవో అమ్మే ఆమెనే అడగండి. ఆమెకు తెలుసు. అడిగేవాళ్ళున్నారని ఆమెకు తెలియడమూ ముఖ్యమే.