లింకన్ కాంక్రీటు మీద టైర్ల జాతర

నెబ్రాస్కా రాజధాని లింకన్‌లో విమానాశ్రయాన్ని ఆనుకుని కనుచూపు మేర కాంక్రీటు పరుచుకుని ఉంటుంది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో బీ-47 బాంబర్లున్న స్థావరం అది. 1966లో వైమానిక దళం దాన్ని మూసేసి వెళ్లిపోయింది. ఇప్పుడు సెప్టెంబరు వస్తే అక్కడ కార్లు దిగుతాయి. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1973లో మొదలుపెట్టిన సోలో నేషనల్స్ పోటీలకు 2009 నుంచి ఇదే వేదిక. వెయ్యి మందికి పైగా పోటీదార్లు వస్తారు. పేరుకు కార్ల పోటీయే కానీ, నా కంటికి మాత్రం అది టైర్ల జాతరలా కనిపించింది.

నన్ను తీసుకెళ్లింది మా పిన్ని కొడుకు. ఒమాహాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉన్నది ఒక్కటే కారు, రెండు సీట్ల మాజ్డా మియాటా. సోమవారం నుంచి శుక్రవారం దాకా అందులోనే ఆఫీసుకు, శనివారం కూరగాయలకు, ఆదివారం పోటీకి. వాళ్లమ్మకు ఈ చివరి సంగతి ఇంకా పూర్తిగా తెలియదు. ఒమాహా నుంచి లింకన్‌కు ఐ-80 హైవే మీద గంట ప్రయాణం. ఆ గంటలో కారు ఇంజిన్ గురించి వాడు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడిందంతా రబ్బరు గురించే.

పోటీ పద్ధతి చెప్పాలి, లేకపోతే టైర్ల గొడవ అర్థం కాదు. కాంక్రీటు మీద నారింజ రంగు కోన్లు పెట్టి వంకర టింకర దారి గీస్తారు. ఒక్కో కారే బయల్దేరుతుంది, పక్కన ఇంకో కారు ఉండదు. పరుగు అటూ ఇటుగా ఒక్క నిమిషం. రెండు దారులు, రెండు రోజులు, దారికి మూడేసి పరుగులు. ఒక్కో దారిలో మంచి సమయం తీసుకుని రెండూ కలుపుతారు. కోను పడితే రెండు సెకన్ల జరిమానా. లెక్క సెకనులో వెయ్యో వంతు దాకా వెళ్తుంది. పక్క కారుతో గుద్దుకునే భయం లేదు కాబట్టి రోజూ వాడుకునే కారుతోనే వచ్చి ఆడేవాళ్లు ఎక్కువ. అదే ఈ ఆట అందం, అదే చిక్కు కూడా. సోమవారం ఉదయం ఆ కారే ఆఫీసుకు కావాలి.

వరసలో నిలబెట్టిన కార్ల మధ్య తిరిగాను. బానెట్ ఎత్తి చూసేవాళ్లు అక్కడక్కడా కనిపించారు. మిగతా అందరూ చక్రాల దగ్గర గొంతుక్కూర్చున్నవాళ్లే. ఒకాయన మొక్కలకు మందు కొట్టే పంపుతో టైర్ల మీద నీళ్లు చల్లుతున్నాడు. ఒకే కారును ఇద్దరు పంచుకుని ఆడితే టైరుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు, అందుకని నీళ్లతో చల్లారుస్తారట. ఒకావిడ సూది లాంటి థర్మామీటరును రబ్బరులోకి గుచ్చి లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా వేడి చూసి పుస్తకంలో రాసుకుంటోంది. మావాడు తెల్ల బూట్ పాలిష్ సీసా తీసి టైరు భుజం మీద అడ్డంగా గీతలు గీశాడు.

"ఇదేం దిష్టి చుక్కరా?" అన్నాను.

"పరుగు అయ్యాక చూడన్నయ్యా. పాలిష్ ఎక్కడిదాకా చెరిగిపోతే టైరు అక్కడిదాకా పక్కకు మడత పడ్డట్టు. మరీ కిందికి చెరిగితే గాలి తక్కువైంది. అసలు అంచుదాకా రాకపోతే ఎక్కువైంది."

మియాటా తలుపు దగ్గరి స్టిక్కరు మీద గాలి 29 పీఎస్ఐ అని రాసి ఉంటుంది. ఆఫీసుకు అదే సరిపోతుంది. ఇక్కడ మాత్రం పరుగు పరుగుకీ ఒకటి రెండు పాయింట్లు పెంచుతూ, దించుతూ ఉన్నాడు. ఖర్చు లేకుండా చేతిలో ఉన్న ఒకే ఒక్క మార్పు అదేనన్నాడు. నాకూ నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఒక పరుగు తర్వాత ముందు చక్రాల మీద గీతలు సగానికి పైగా మాయమయ్యాయి.

ఇక అసలు కథ టైరు పక్కన అచ్చేసిన అంకెలో ఉంది. అమెరికాలో అమ్మే మామూలు కారు టైరు మీద ట్రెడ్‌వేర్ అని ఒక సంఖ్య ఉంటుంది. టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే కొలత అది. టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో దగ్గర సుమారు 640 కిలోమీటర్ల చుట్టుదారి ఉంది. దాని మీద కార్లను వరసగా, మొత్తం 11,500 కిలోమీటర్లకు పైగా తిప్పి, ప్రామాణిక టైరుతో పోల్చి లెక్క కడతారు. ప్రామాణిక టైరుకు 100 అనుకుంటే 200 అన్నది దానికి రెట్టింపు మన్నిక. చదవడానికి చక్కగా ఉంది. కిటుకేమిటంటే ఆ సంఖ్యను టైరు మీద వేసుకునేది తయారు చేసిన కంపెనీయే.

ఈ పోటీలు నడిపే క్లబ్బులో ఒకప్పుడు మామూలు కార్ల తరగతిలోనూ దాదాపు రేసు టైర్లే వేసుకోనిచ్చేవారు. అవి కొన్ని పరుగులకే అయిపోయేవి, జేబులు ఖాళీ అయ్యేవి. 2014లో స్ట్రీట్ అనే విభాగం పెట్టి ఆ టైర్లను బయట పెట్టారు. ఇప్పుడు ఆ విభాగంలో ట్రెడ్‌వేర్ కనీసం 200 ఉండాలి, కొత్త టైరు గాడి లోతు అంగుళంలో 32 భాగాలకు 7 భాగాలు, అంటే అయిదున్నర మిల్లీమీటర్లయినా ఉండాలి. రోడ్డు మీద తిరిగే టైరుతోనే ఆడాలన్నది ఉద్దేశం. కంపెనీలు ఊరుకుంటాయా? పోటీకే పనికొచ్చే రబ్బరు కలిపి, గాడులు నియమానికి సరిపడా తీసి, పక్కన 200 అని అచ్చేశాయి. యోకోహామా ఏ052, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, హాంకూక్ ఆర్ఎస్4... అన్నిటి మీదా 200 అంకే ఉంది. మూడూ చూడ్డానికి అన్నదమ్ములే, గుణాలు మాత్రం వేరు.

ఏ052 చల్లగా ఉన్నప్పుడే రోడ్డును పట్టేస్తుంది. మొదటి కోను దగ్గరే పట్టు కావాల్సిన ఈ నిమిషం ఆటకు అంతకంటే ఏం కావాలి? కాకపోతే వేడెక్కితే త్వరగా జారిపోతుంది, త్వరగా అరిగిపోతుంది. ఆర్ఎస్4 దానికి వ్యతిరేకం. పెనం కాలక ముందు పోసిన దోశలాగా మొదట్లో సరిగా పట్టదు. రేసు ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పితే మాత్రం అదే నిలబడుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది కూడా. ఆర్ఈ-71ఆర్ఎస్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కాబట్టి "మంచి పోటీ టైరు ఏది" అని అడిగితే ఇక్కడి పాత కాపులు ఎదురు ప్రశ్న వేస్తారు: నిమిషం పోటీయా, ఇరవై నిమిషాలదా? ఆ ప్రశ్న అడగకుండా టైరు పేరు చెప్పేవాడి మాట వినక్కర్లేదని నా అభిప్రాయం.

టైర్లు ఎక్కించే గుడారం దగ్గర కాసేపు నిలబడ్డాను. రిమ్ము మీద నుంచి టైరు ఊడదీయడం, కొత్తది సబ్బు నీళ్లు రాసి కూర్చోబెట్టడం, గాలి కొట్టగానే టప్పుమని అంచు కుదురుకోవడం, బ్యాలెన్సింగ్... మన పంక్చర్ షాపులకూ దీనికీ తేడా యంత్రాల్లోనే ఉంది, పనితనంలో లేదు. పక్కన పడేసిన టైర్లు నన్ను ఆపేశాయి. మధ్యలో గాడులు బాగానే ఉన్నాయి, బయటి భుజం మాత్రం గుండైపోయి ఉంది. మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు భారమంతా ఆ అంచు మీదే పడుతుంది. దానికి మందుగా చక్రం పైభాగాన్ని కాస్త లోపలికి వంచి పెడతారు, అదే క్యాంబర్. మియాటాలో ఫ్యాక్టరీ బోల్టులు తిప్పే కొంత వంచుకోవచ్చు. అయితే అలా వంచిన చక్రంతో రోజూ హైవే మీద తిన్నగా వెళ్తే లోపలి అంచు తినేస్తుంది. అలైన్‌మెంట్‌లో టో, అంటే చక్రాలు తిన్నగా ముందుకు చూసే తీరు కూడా తప్పితే ఆ తినడం మరీ వేగంగా సాగుతుంది. ఒకటి కాపాడితే రెండోది పోతుంది. మావాడు పోటీకి కావాల్సినంత వంచలేదు. "నాకు పతకం రాదు, ఆఫీసు తప్పదు" అన్నాడు. ఆ మైదానం మొత్తం మీద నేను విన్న తెలివైన మాటల్లో అదొకటి.

మధ్యాహ్నం తర్వాత నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఒక పెద్దాయన చెప్పాడు. పొడి నేల మీద ఈ టైర్లు కొత్తగా ఉన్నప్పటికంటే కాస్త అరిగాకే వేగంగా ఉంటాయట. కొత్త టైరులో ఎత్తయిన రబ్బరు దిమ్మెలు మలుపులో అటూ ఇటూ కదులుతాయి. అరిగాక పొట్టివై గట్టిగా నిలుస్తాయి. కానీ నీళ్లను బయటికి తోసేది ఆ గాడుల లోతే. అంటే ఎండలో టైరు బ్రహ్మాండంగా ఉందనిపించే రోజుల్లోనే వానలో అది ప్రమాదకరంగా మారుతుంది. పైగా ఇలాంటి టైర్లలో గాడులు మొదటే తక్కువ లోతు. కారు ఒకటే, టైర్ల సెట్టు ఒకటే అయినవాడికి ఇంతకు మించిన హెచ్చరిక లేదు. ఒమాహాలో వసంతకాలం వానలు ఎలా పడతాయో, ఐ-80 మీద లారీల పక్కన నీళ్లు ఎలా లేస్తాయో అక్కడున్న మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

చలి సంగతి ఇంకా ఘోరం. వేసవి టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన గట్టిపడటం మొదలుపెడుతుంది. గడ్డకట్టే చలిలో ఇలాంటి టైరును నడిపినా, మడిచి వంచినా పగుళ్లు వస్తాయని కంపెనీలే హెచ్చరిస్తాయి. నెబ్రాస్కాలో జనవరి ఎలా ఉంటుందో తెలిసిందే. అందుకే మావాడి దగ్గర మూడు సెట్లు ఉన్నాయి. చలికాలానికి మంచు టైర్లు, ఆఫీసుకు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, పోటీకి ఏ052. 4ఎస్ మీద ట్రెడ్‌వేర్ 300 అని ఉంటుంది. వానలో ధైర్యం, గుంతల్లో కాస్త మెత్తదనం, మలుపుల్లో సరదా తగ్గని పట్టు. పోటీలో ఏ052 కంటే వెనకబడుతుంది, అంతే.

మూడు సెట్లంటే మూడు సెట్ల రిమ్ములు, అవి పెట్టడానికి చోటు. మియాటా డిక్కీలో ఒక చక్రం పట్టడమే గగనం. దానికి అక్కడివాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే నవ్వొచ్చింది, ముచ్చటేసింది. ఆ బుల్లి కారు వెనకే ఇంకా బుల్లి ట్రాలీ తగిలించి, దాని మీద నాలుగు టైర్లు, జాకీ, పనిముట్ల పెట్టె వేసుకుని వస్తారు. హైవే అంతా మామూలు టైర్ల మీద వచ్చి, మైదానంలో చక్రాలు మార్చుకుని ఆడి, సాయంత్రం మళ్లీ మార్చుకుని ఇంటికి. ఇది పిచ్చి అనుకునేవాళ్లుంటారు. నాకు మాత్రం అక్కడ చూసినవాటిలో అన్నిటికంటే బుద్ధిగల పని ఇదేననిపించింది. పోటీ టైరు పోటీలోనే అరుగుతుంది, ఆఫీసు దారిలో కాదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఈ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది కూడా. రోజూ వాడితే పోటీ రోజు వచ్చేసరికి కొన్న గుణం మిగలదు.

ఒక సెట్టే కొనగలిగిన కుర్రాళ్ల సంగతో? అలాంటివాళ్లూ కనిపించారు. టొయోటా 86తో వచ్చిన ఒక విద్యార్థి ఆ కారుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మిషెలిన్ ప్రైమసీ టైర్లు అరిగేదాకా వాటితోనే స్థానిక పోటీలు ఆడాడట. ప్రైమసీ సౌకర్యం కోసం చేసిన టైరు, పట్టు తక్కువ. "దాని మీదే నాకు డ్రైవింగ్ వచ్చింది" అన్నాడు. పట్టు తక్కువైన టైరు జారబోయే ముందు చెప్పి జారుతుంది, దాంతో చేయి కుదురుతుంది. మొదటి ఏడాదే ఏ052 కొనేవాడికి ఆ చదువు దొరకదు. కొత్తగా ఆటలోకి వచ్చేవాళ్లకు మావాడు కూడా ఇదే చెబుతాడు. ఉన్న టైరుతో ఒక సీజన్ ఆడమంటాడు.

అమెరికాలో ఉన్న మన పిల్లల్లో మస్టాంగులు, 86లు, మియాటాలు కొనేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను. ఒకే సెట్టుతో ఆఫీసూ పోటీ రెండూ నెట్టుకు రావాలంటే 300 ప్రాంతపు వేసవి టైరు తీసుకోండి, పోటీలో ఆ రెండు మూడు స్థానాలు వదులుకోండి. మంచు పడే ఊరైతే ముందు చలికాలపు సెట్టు కొనండి, పోటీ సెట్టు సంగతి ఆ తర్వాత. గెలవాలన్న పట్టుదల వచ్చాక రెండో సెట్టు రిమ్ములు కొని, 200 టైర్లు వాటికే పరిమితం చేయండి. హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లకు చలి బాధ లేదు. వేసవి టైరు ఏడాదంతా నడుస్తుంది. వాళ్లు చూసుకోవాల్సింది గాడి లోతు, వానల ముందు మరీ ముఖ్యంగా.

ఏ టైరు కొన్నా డబ్బు కట్టేముందు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర ఉన్న నాలుగు అంకెలు చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. పాత సరుకును తగ్గింపు ధరకు అంటగట్టే దుకాణాలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి.