మూడో బెజ్జం

మా బాబాయి కిరాణా కొట్టుకి డీప్ ఫ్రీజర్‌ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. దించగానే ప్లగ్గు పెట్టబోతుంటే మెకానిక్ ఆపాడు. "కంప్రెసర్‌లోని ఆయిలు గొట్టాల్లోకి చేరుంటుంది సార్. నిటారుగా నిలబెట్టి రేపటిదాకా ఆగండి." బాబాయి మొహం మాడిపోయింది. ఎండాకాలం గిరాకీ మరి!

అంతటితో ఊరుకోకుండా అతను బల్బుకి రెండు వైర్లు తగిలించి సాకెట్‌ని పరీక్షించాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే వెలగలేదు. విప్పి చూస్తే పైనున్న పెద్ద బెజ్జం వెనక తీగే లేదు. లీకైన కరెంటు నేలలోకి పోయే దారి అదే.

ఇన్నేళ్లూ పాత ఫ్రిజ్ నడిచింది అందులోనే. తడిచేత్తో తలుపు తీస్తే జిల్లుమంటోందని పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో! 'నీదంతా అనుమానం' అని అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఎర్తింగ్ వేయించి, మూడో రోజు ఫ్రీజర్‌ని ఖాళీగా ఆన్ చేశారు. బాగా చల్లబడ్డాకే ఐస్‌క్రీములు సర్దారు. తలుపు తీయమంటే పిన్ని ముందు చెప్పులు వెతుక్కుంది.