చాప్‌స్టిక్కులు కావండీ, డ్రమ్ము కర్రలు!

పక్కింటావిడ వంటింట్లో సొరుగు తెరిచి, అందులో ఉన్న రెండు లావుపాటి కర్రలు పట్టుకుని "ఇవి పప్పు మెదపడానికా?" అని అడిగానంటే మీరు నవ్వరూ? ఆవిడా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఆ కర్రలు నా చేతిలోంచి తీసుకుని, కూరలు తరిగే చెక్క మీద టకటకా ఓ దరువు వేసింది చూడండీ... మన టీ ఎలా చేస్తారో చూపిస్తానని నేను పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయినా ఇద్దరం చూసుకోలేదు!

ఇది టోక్యోలో, నిషికసాయి అనే పేటలో జరిగింది. మా వారి కంప్యూటర్ ఉద్యోగం ధర్మమా అని 2008లో అక్కడ కాపురం పెట్టాం. ఆ పేటలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కందిపప్పుకీ మినప్పప్పుకీ లోటు లేదు. నాకు లేనిదల్లా పగటిపూట మాట్లాడే మనిషి. ఆ లోటు పక్కింటావిడ తీర్చింది. నన్ను "ఓకుసాన్" అని పిలిచేది. అంటే మన "ఇల్లాలుగారూ" లాంటి పిలుపన్నమాట. "ఓకు" అంటే లోపలి భాగమట. ఇంటి లోపలుండే మనిషి కాబట్టి ఓకుసాన్! ఊరు మారినా మన పేరు మాత్రం గడప దాటలేదు, చూశారా?

సరే, కర్రల సంగతికొస్తాను. 1989లో ఆవిడకు పదిహేడేళ్ళు. పుట్టిల్లు ఈశాన్యాన సముద్రం ఒడ్డున ఉన్న ఇషినోమాకి. హైస్కూల్లో నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి బాండు పెట్టుకుని, స్కూలు వార్షికోత్సవంలో డ్రమ్ములు వాయించిందట. ఆ రోజుల్లో జపాన్ అంతా బాండుల పిచ్చే. అర్ధరాత్రి దాటాక టీవీలో కొత్త బాండుల పోటీ వచ్చేది. టోక్యోలో హరాజుకు దగ్గర ఆదివారాలు బళ్ళు ఆపేసిన రోడ్డు మీద కుర్రకారు గిటార్లతో దిగిపోయేవాళ్ళట. కానీ ఆడపిల్లల చేతికి డ్రమ్ము కర్రలిచ్చిన వాళ్ళు మాత్రం ఐదుగురు అమ్మాయిలు. ఆ బాండు పేరు ప్రిన్సెస్ ప్రిన్సెస్.

వాళ్ళ కథ వినండి. 1983లో ఓ రికార్డు కంపెనీ పరీక్షలు పెట్టి ఐదుగురినీ ఏరింది. "అకసకా కొమచి" అని పేరు పెట్టింది. కొమచి అంటే అందగత్తె. వాయించడం కంటే ముద్దుగా కనబడడం ముఖ్యమని ఆ పేరులోనే తెలియడం లేదూ? ఆ అమ్మాయిలు ఆ పేరూ వదిలేశారు, ఆ కంపెనీనీ వదిలేశారు. సొంతంగా పాటలు రాసుకున్నారు. 1989లో బుదోకాన్‌లో కచేరీ చేశారు. 1964 ఒలింపిక్స్‌లో జూడో పోటీలకని కట్టిన హాలది. 1966లో బీటిల్స్ పాడింది అక్కడే. ఆడవాళ్ళ బాండు ఒకటి ఆ వేదికెక్కడం అదే మొదలు. ఆ ఏడాది జపాన్‌లో అమ్ముడైన సింగిల్ రికార్డుల్లో మొదటిది వీళ్ళ "డైమండ్స్", రెండోది కూడా వీళ్ళదే! డైమండ్స్‌కి బాణీ కట్టింది పాడే అమ్మాయి ఓకుయి కావొరి. మాటలు రాసింది గిటారు వాయించే నకయామా కనకో. జీవితంలో మొట్టమొదటిసారి చేసిన పనుల మెరుపే అసలైన వజ్రం అని దాని భావం. నగల గురించి కాదండోయ్, నేను మొదట అలాగే అనుకున్నాను.

ఆ రికార్డు మా పక్కింటావిడ దగ్గర ఇంకా ఉంది. మన అప్పడమంత కూడా లేని ఎనిమిది సెంటీమీటర్ల సీడీ, పొడుగాటి అట్టలో పెట్టి ఉంటుంది. దాని వెనకవైపు పాట "ఎం". ప్రియుణ్ణి మరచిపోలేని అమ్మాయి పాట. దాని మాటలు రాసింది ఎవరనుకున్నారు? డ్రమ్ములు వాయించే తొమితా క్యోకో! "డ్రమ్ములు కొట్టే చెయ్యి అలాంటి పాట రాసింది, అందుకే నేను డ్రమ్ములు ఎంచుకున్నాను" అనేది ఆవిడ.

మరి తర్వాతేమైందని అడిగాను. ఏమవుతుంది? చదువు, రెండేళ్ళు ఆఫీసు, పెళ్ళి. ఆడవాళ్ళకీ సమానంగా ఉద్యోగాలివ్వాలనే చట్టం 1986లోనే అమల్లోకి వచ్చిందట గానీ, పెళ్ళి కుదిరితే పూలగుత్తి ఇచ్చి పంపించేయడం అప్పటికీ మామూలేనట. డ్రమ్ములు పుట్టింటి కొట్టుగదిలో ఉండిపోయాయి. అపార్టుమెంటులో డ్రమ్ములేమిటి, కింది వాళ్ళు ఊరుకుంటారా? కర్రలు మాత్రం పెట్టెలో వేసుకుని అత్తవారింటికి వచ్చింది.

ఆ మాట వినగానే నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకంటారా? తెనాలిలో మా అమ్మ దగ్గర నా వీణ ఉంది. ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన వాయించాను. మా అత్తగారు "బాగుందమ్మా" అన్నారు. అంతే, మళ్ళీ తీగె ముట్టుకుంటే ఒట్టు. ఎవరూ వద్దనలేదు, ఆ మాట కూడా చెప్పాలి. వద్దని ఎవరైనా అని ఉంటే పౌరుషానికైనా వాయించేదాన్నేమో!

ఆ తర్వాత నెలకోసారి పిల్లలు బడికెళ్ళాక కరావోకే గదికి వెళ్ళడం మొదలెట్టాం. ఇద్దరు పట్టే చిన్న గది, గంట లెక్కన అద్దె. తెర మీద మాటలు వస్తుంటాయి. పెద్ద అక్షరాలు నాకు రావు గానీ, వాటి నెత్తిన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ ఉంటుంది, అది చదివి పాడేదాన్ని. "నీకింత తేలిగ్గా ఎలా వస్తోంది?" అని ఆవిడకు ఆశ్చర్యం. ఇందులో నా గొప్పేం లేదండీ. మన మాటల్లాగే వాళ్ళ మాటలూ చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. మనం బస్సు అంటే వాళ్ళు బసు, మనం గ్లాసు అంటే వాళ్ళు గురసు. మన నోటికి సరిగ్గా సరిపోయే భాష!

చాలా పాటలు పాడుకున్నాం. "మకెనైదె" అని 1993లో జార్డ్ బాండు పాట ఒకటుంది, ఓడిపోకు అని అర్థం. రాసి పాడిన సకయి ఇజుమి నలభయ్యో ఏట, 2007లో పోయింది. అది పాడితే మా ఇద్దరికీ మాటలు ఆగిపోయేవి. ఎక్స్ జపాన్ వాళ్ళవి ఆవిడ భర్తకిష్టం, మేం వాటి జోలికి పోలేదు. ఆ జుట్లు చూస్తేనే నాకు భయం! అన్నిటికంటే నాకు నచ్చింది బ్లూ హార్ట్స్ వాళ్ళ "లిండా లిండా". 1987 నాటిది. మురిక్కాలవ ఎలకలాగా అందంగా ఉండాలని కోరుకునే పాటండీ అది! బయటికి కనబడని అందమన్నమాట. ఆ పాట మీద 2005లో ఒక సినిమా కూడా వచ్చింది. నలుగురు స్కూలు పిల్లలు బాండు కడతారు. పాడే అమ్మాయి కొరియా నుంచి వచ్చిన పిల్ల, జపనీసు సరిగ్గా రాదు. ఆవిడ ఆ సినిమా నాకు రెండుసార్లు చూపించింది. ఎందుకో వేరే చెప్పాలా?

2011 మార్చి 11న మధ్యాహ్నం మూడు కావస్తుండగా భూమి కదిలింది. బీరువాలో కంచాలన్నీ నేల మీదే. కిందికి పరిగెత్తి, ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని పార్కులో నిలబడ్డాం. సాయంత్రం టీవీలో సముద్రం ఊళ్ళ మీద పడడం చూపించారు. ఆవిడ ఫోను పట్టుకుని కూర్చుంది. ఇషినోమాకి పలకలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఐదో రోజున నేను పిల్లాణ్ణి తీసుకుని విమానమెక్కేశాను. ఫుకుషిమా అణు కేంద్రం వార్తలు విని తెనాలి నుంచి అమ్మ ఒకటే ఏడుపు. మావారు టిక్కెట్లు పట్టుకొచ్చారు. ఆవిడ తల్లిదండ్రులు బతికున్నారో లేదో ఇంకా తెలియదు. తలుపు తట్టి ఏమని చెప్పను? చెప్పకుండానే వెళ్ళిపోయాను. రెండు నెలలు తెనాలిలో ఉన్నా, నా వీణ ఉన్న అటక కేసి తలెత్తి చూడలేదు.

తిరిగి వెళ్ళేసరికి మా గుమ్మం పక్కన ఉండాల్సిన కరివేపాకు మొక్క లేదు. చచ్చిపోయి ఉంటుంది, ఎవరో తీసేశారనుకున్నాను. గంట మోగింది. కుండీ పట్టుకుని ఆవిడ. చలికి ఎండిపోతుందని వాళ్ళింట్లో కిటికీ దగ్గర పెట్టుకుని నీళ్ళు పోసిందట. కొత్త చిగురు వేసి ఉంది. నాకు నోట మాట రాలేదు. ఆవిడే చెప్పింది, అమ్మా నాన్నా కొండ మీది బడికి ఎక్కి బతికారని. ఇల్లు లేదు. కొట్టుగది లేదు. డ్రమ్ములూ లేవు. "కర్రలున్నాయిగా" అంది.

ఆ తర్వాత చాలా నెలలు మేం పాటలకు వెళ్ళలేదు.

1996లో విడిపోయిన ప్రిన్సెస్ ప్రిన్సెస్, ఈశాన్య ప్రాంతాన్ని ఆదుకోవడానికి 2012లో మళ్ళీ ఒక్కటైంది. ఐదుగురికీ అప్పటికి నలభై అయిదు దాటాయో, దాటబోతున్నాయో! కచేరీ టిక్కెట్లకు ఆవిడ పేరు పంపింది గానీ రాలేదు. డిసెంబర్ 31 రాత్రి ఎన్‌హెచ్‌కే వాళ్ళ పాటల పోటీలో, ఎర్ర జట్టు ఆడవాళ్ళు, తెల్ల జట్టు మగవాళ్ళు, వాళ్ళు వస్తారని తెలిసి మా ఇంట్లోనే చూశాం. ఆ రాత్రి వాళ్ళు సోబా సేమ్యాలు తినాలి. ఆ పులుసులో చేప ఉంటుంది కనుక నేను మిరియాల చారులో వేశాను. ఆవిడ భర్త రెండు గిన్నెలు తాగారు! డైమండ్స్ మొదలైంది. ఆవిడ కూర్చున్న దిండు కింద నుంచి లాగి, దాని మీద కర్రలతో వాయించడం మొదలెట్టింది. తాళం ఎక్కడా తప్పలేదు. కళ్ళ నుంచి ధారలు. వాళ్ళ అబ్బాయి తల్లి కేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఈవిడెవరో కొత్తగా ఇంట్లోకి వచ్చినట్టు.

మేం 2013లో వచ్చేశాం. 2016 మార్చిలో సెందాయ్‌లో కొత్త పాటల హాలు తెరిచారు. ఆ బాండు పోగుచేసిన డబ్బు కూడా అందులో ఉంది. మొదట పాడిందీ వాళ్ళే. అన్నట్టు నా వీణ... అటక మీది వేడికి మైనం కరిగి మెట్లన్నీ ఊడిపోయాయి. నూజివీడు పంపించి బాగు చేయించాను. వేళ్ళు మాత్రం ఎక్కడ బాగు చేస్తారు? నాలుగేళ్ళు పట్టింది.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఫోను ఎదురుగా నిలబెట్టుకుని డైమండ్స్ బాణీ వీణ మీద వాయించాను. అటు టోక్యోలో ఆవిడ భోజనాల బల్ల మీద కర్రలతో తాళం వేసింది. ఫోనులో ధ్వని కాస్త ఆలస్యంగా అందుతుంది కదా, ఆవిడ ముందు, నేను వెనక! పాట సగంలో ఉండగా వంటింట్లోంచి మా అమ్మ కేక.

"అది ఏ రాగమే?"