మండువా ఇంట్లో గాలి దారి

మద్రాసులో సాయంత్రం సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడ. పేరు చెన్నై అయి చాలా ఏళ్లయినా మా నోటికి ఇంకా మద్రాసే. కాకినాడలో బస్సెక్కి, చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు దాటుతూ, మడ అడవుల పచ్చదనం చూస్తూ కూర్చుంటే యానాం వస్తుంది. గౌతమీ గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర దేశమే ఉన్నా పుదుచ్చేరి పాలనలో ఉన్న చిన్న ఊరు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. మన పత్రిక చదివే యానాం వారికి ఇదంతా కొత్త కాదు, మిగతా వారి కోసం చెబుతున్నాను.

నిరుడు మే నెలలో నేను వెళ్లింది మా మేనత్త కోసం. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. అంతకు వారం ముందు, మధ్యాహ్నం పూట మంచం మీదే స్పృహ తప్పింది. డాక్టరుగారు సెలైను ఎక్కించి, వడదెబ్బ అన్నారు. ఎండలో తిరిగితే వడదెబ్బ తగలడం తెలుసు. ఇంట్లో, నీడపట్టున పడుకున్న మనిషికి వడదెబ్బేమిటి?

మా బాబాయి కొడుకులిద్దరూ విశాఖపట్నంలో ఉంటారు. "ఇల్లు పాతబడిపోయింది అన్నయ్యా. పడగొట్టి స్లాబు ఇల్లు కట్టేసి, ప్రతి గదికీ ఏసీ పెట్టిద్దాం. అందాకా అత్తయ్య మా దగ్గరుంటుంది" అన్నారు ఫోనులో. అత్తయ్య మాత్రం "ఈ గడప దాటి ఎక్కడికీ రాను" అని కూర్చుంది. ముప్పై ఏళ్లు మద్రాసులో కట్టడాల దగ్గర సూపర్వైజరు పని చేసి రిటైరైన వాణ్ణి కదా అని, "నువ్వెళ్లి ఇల్లు చూడు, నువ్వు ఎలా చెబితే అలా" అన్నారు తమ్ముళ్లు.

మాది తూర్పు ముఖం మండువా లోగిలి. వీధి అరుగు, నడవ, నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారాలు, గదులు, చివర వంటిల్లు, పెరడు. నాలుగు వైపుల పెంకుల కప్పూ మండువాలోకి వాలి ఉంటుంది. వానాకాలం నీళ్లన్నీ మండువాలో పడి తూము గుండా బయటికి పోయేవి. మా చిన్నతనంలో చూరు కింద ఇత్తడి గంగాళాలు పెట్టి ఆ నీళ్లు పట్టేవారు. గోడలు మూర మందం, సున్నంతో కట్టినవి. పైన తాటి పలకల అటక.

తాపీ మేస్త్రి గారిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి ఇల్లు తిరగడం మొదలుపెట్టాను. ఏ ఇంటి వేడి అయినా ఆ వేళకే తెలుస్తుంది. ఉదయం ఏడింటికి చూస్తే అన్ని ఇళ్లూ చల్లగానే ఉంటాయి. చేతిలో అగరవత్తుల కట్ట పట్టుకున్నాను. అత్తయ్య చూసి "ఏవిట్రా, ఇల్లు చూడమంటే పూజ చేస్తున్నావు?" అంది. గాలి కంటికి కనబడదు గానీ పొగ కనబడుతుంది. వెలిగించిన అగరవత్తి గుమ్మం దగ్గరా, కిటికీ దగ్గరా, గది మధ్యలో పట్టుకుంటే పొగ ఎటు వంగితే గాలి అటు పోతున్నట్టు. నిట్టనిలువుగా లేచి అక్కడక్కడే సుడి తిరిగితే గాలి ఆడడం లేదన్నమాట.

వీధి గుమ్మంలో పొగ లోపలికి వంగింది. నడవ దాటి మండువాలోకి వచ్చేసరికి నిలబడిపోయింది. తలెత్తి చూస్తే మండువా మీద ఆకాశం లేదు, ఆకుపచ్చ ఫైబరు రేకు ఉంది. దోమలు వస్తున్నాయని, వాన పడితే నేల జారుతోందని వేయించారట. వేడి గాలి తేలికగా ఉండి పైకి పోతుంది. అది పోవడానికి మా ముత్తాతలు వదిలిన దారి మండువా. దానికి మూత పెట్టాక ఇల్లంతా మూకుడు పెట్టిన కుండ అయింది.

వెనక్కి వెళ్లాను. వీధి గుమ్మం, నడవ గుమ్మం, పెరటి గుమ్మం మూడూ ఒకే వరసలో ఉండేవి. సాయంత్రం సముద్రపు గాలి తిరగ్గానే వీధిలోంచి పెరట్లోకి దూసుకుపోయేది. ఇప్పుడు పెరటి గుమ్మానికి అడ్డంగా స్లాబు గది ఉంది. దాని కథ వేరు. 1996 నవంబరు తుపానులో మా పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆ రాత్రి బాబాయి అందరినీ ఒక మూల గదిలో కూర్చోబెట్టి తెల్లవార్లూ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడే, అప్పు చేసైనా స్లాబు గది ఒకటి వేస్తానన్నాడు, వేశాడు. అది ప్రాణభయంతో కట్టిన గది. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

కానీ అత్తయ్య పడిపోయింది ఆ గదిలోనే. బాత్‌రూము ఆనుకుని ఉందని మంచం అక్కడ వేశారు. పడమటి గోడ ఒక్క ఇటుక మందం కూడా లేదు. పొద్దున్నంతా స్లాబు, మధ్యాహ్నం నుంచి గోడ ఎండను తాగుతాయి. ఒకటే కిటికీ. పైన ఉన్న రెండు వెంటిలేటర్లకూ, ఏసీ పెట్టినప్పుడు చల్లదనం పోతుందని అట్టముక్కలు బిగించారు. కరెంటు ఉన్నంతసేపూ బాగుంటుంది. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు.

రాత్రి పదింటికి నిచ్చెన వేసుకుని స్లాబు అడుగున చెయ్యి పెట్టి చూశాను. ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. కాంక్రీటు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి కిందికి వదులుతుంది. తర్వాత నడవలో అటక పలక మీద చెయ్యి పెట్టాను. మామూలుగా ఉంది. పెంకుల వేడికీ మనిషికీ మధ్య అటకంత గాలి ఉంది, పెంకుల సందుల్లోంచి ఆ గాలి మెదులుతూ ఉంది. మేస్త్రి గారు "ఆయ్, అటకంటే సామాన్లకే అనుకుంటారండి. అది ఇంటికి గొడుగండి" అన్నారు.

పాత ఇల్లంతా బంగారం అని నేను అనను. వంటింటి వాసాలకు చెద పట్టింది. రెండు చోట్ల కారుతోంది. ఏటా వానలకు ముందు పెంకులు తిరగవేయించాలంటే పని తెలిసిన మనుషులు దొరకడం లేదు. వంటింటి పొగ గూడు మూసేసి గ్యాసు పొయ్యి పెట్టారు. పొగ కనబడకపోయినా గ్యాసు మంటకూ గాలి కావాలి, ఆవిరి బయటికి పోవాలి. గోడ మీద నల్లటి బూజు మచ్చలు అందుకే.

ఏ సీమ ఇల్లు ఆ సీమ ఎండను బట్టి పుట్టింది. రాయలసీమలో చవుడు మిద్దెలు మందంగా ఉండి పొడి ఎండను లోపలికి రానివ్వవు. షోలాపూరు వైపు పాత మట్టి కప్పుల ఇళ్లదీ అదే పద్ధతి. మద్రాసులో పాత ఇళ్లకు టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, సున్నం కాంక్రీటు పోసి మిద్దె వేసేవారు. మా కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అందుకే ఇక్కడ మందం కంటే గాలి ముఖ్యం. ఇల్లు ఎక్కడ ఉందో మరిచిపోయి ఒకే నమూనా అన్ని ఊళ్లలోనూ కట్టడం మొదలుపెట్టాక ఈ తిప్పలు వచ్చాయి.

ఆ రాత్రే తమ్ముళ్లకు ఫోను చేసి, అత్తయ్యను పడేసింది పాత ఇల్లు కాదని చెప్పాను. పెద్దవాడు కాసేపు మాట్లాడలేదు. మండువా మీద రేకు వేయించింది వాడే. "మరి దోమలో అన్నయ్యా?" అన్నాడు చివరికి. న్యాయమైన ప్రశ్నే.

వారం రోజులు ఉండి పని చేయించాను. రేకు తీసి, రెండడుగుల ఎత్తున ఇనప చట్రం లేపి చుట్టూ దోమల జాలీ కొట్టించాం. రేకును ఆ చట్రం మీదే గొడుగులా పెట్టాం, వాన పడదు, వేడి పక్కల నుంచి పోతుంది. వెంటిలేటర్ల అట్టలు తీసి జాలీ పెట్టాం. స్లాబు గది పడమటి గోడలో, పెరటి గుమ్మానికి ఎదురుగా, తలుపంత కిటికీ తెరిపించాం. స్లాబు మీద తెల్ల సున్నం రెండు పూతలు, ఎండాకాలానికి కొబ్బరాకుల పందిరి. తెల్లటి పూత ఎండను వెనక్కి కొడుతుంది, ఖర్చు తక్కువ. తుపాను భయానికి చూరు వాసాలను ఇనప పట్టీలతో గోడకు బిగించారు మేస్త్రి గారు. అత్తయ్య మంచం నడవలోకి మారింది, వసారా చివర చిన్న బాత్‌రూము కట్టించాం. ఖర్చు ముగ్గురం పంచుకున్నాం.

మీ ఇంట్లోనూ ఒకసారి చూసుకోండి. మధ్యాహ్నం రెండింటికీ, రాత్రి పదింటికీ పైకప్పు కింద చెయ్యి పెట్టండి. అగరవత్తి పొగ ఎటు పోతుందో గమనించండి. గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి, రెండూ ఉన్నాయో లేదో చూడండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ల మంచం ఏ గోడ పక్కన ఉందో చూడండి. వాళ్లు వేడిగా ఉందని చెప్పరు, సర్దుకుపోతారు.

ఈ మే నెలలో మళ్లీ వెళ్లాను. పడమటి గాలి మళ్లి సముద్రపు గాలి తిరిగే వేళకు అత్తయ్య మండువా పక్కన పీట వేసుకుని మామిడికాయ ముక్కలు కోస్తోంది. నేను అగరవత్తి వెలిగించాను. పొగ నడవలోంచి మండువా దాటి పెరట్లోకి పోయింది. "చూశావా అత్తయ్యా" అన్నాను.

"పొగ సంగతి నాకు తెలీదు గానీ రాత్రుళ్లు నిద్ర పడుతోందిరా" అంది.

ఇంటిని ఎప్పటికీ పడగొట్టమని తమ్ముళ్లు మాటివ్వలేదు, నేను అడగలేదు. అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఆ తర్వాత సంగతి ముగ్గురం ఆ మండువాలోనే కూర్చుని మాట్లాడుకోవాలని మాత్రం అనుకున్నాం.