దల్మా దిగువన విలుకాడు

జంషెడ్‌పూర్ అనగానే పరిశ్రమలలో పనిచేసే మనవంటి వారికి ముందుగా స్ఫురించేది ఉక్కు. ఒక వైశాఖ మాసంలో కార్యాలయపు పని మీద మేము ముగ్గురం ఆ నగరానికి వెళ్ళాము. పని ముగిశాక రెండు రోజుల తీరిక చిక్కింది. ఆ రెండు రోజులలో మా మనస్సులో నిలిచిపోయినది ఉక్కు కాదు. వెదురు, రెల్లు, పక్షి ఈకలు. ఆ వృత్తాంతమే ఈ వ్యాసం.

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన నగరమిది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడినప్పుడు ఇక్కడున్నది సాక్చి అనే చిన్న గ్రామం. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసపొటేమియా దాకా వెళ్ళాయి. అందుకు కృతజ్ఞతగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి కవచపు రేకులతో తయారైన సైనిక వాహనాలను 'టాటానగర్‌లు' అనే పిలిచేవారు.

ఈ నగర నిర్మాణంలో మనవారి చెమట కూడా కలిసి ఉన్నది. శ్రీకాకుళం ప్రాంతం నుండి కూలీలుగా, కార్మికులుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో నిలబడితే వేరే రాష్ట్రంలో ఉన్నామన్న సంగతే గుర్తుండదు. మాకు ఆతిథ్యమిచ్చిన మిత్రుడు అటువంటి కుటుంబంలో మూడవ తరం వాడు.

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక ఆయన అటక మీది నుండి ఒక చెక్కపెట్టె దించాడు. అందులో కంసాలి వాడే చిన్న త్రాసు, ఇత్తడి తూకపు రాళ్ళు, ఒక కొలగిన్నె, గుండ్రంగా కత్తిరించిన అట్ట బిళ్ళలు ఉన్నాయి. ఆయన తండ్రిగారు ఆ రోజులలో పేరున్న వేటగాడు. రెండు గొట్టాల తుపాకి, ఈశాపూర్ కర్మాగారంలో తయారైన .315 రైఫిల్ లైసెన్సుతో ఉంచుకునేవారు. రైఫిల్‌కు కొన్న తూటాలే వాడినా, గొట్టం తుపాకి ఇత్తడి తూటాలకు మందు తూచి, అట్ట బిళ్ళ పెట్టి, గుండ్లు లెక్కించి స్వయంగా నింపుకునేవారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడంతో వేట మానేశారు. ఆయన మరణానంతరం తుపాకులను ప్రభుత్వానికి అప్పగించారు. నేడు అనుమతి లేకుండా తూటాలు నింపడం కూడా నేరమే. పెట్టె మాత్రం మిగిలింది.

"తేలిక తుపాకి భుజానికి సుఖం, గురికి కష్టం అనేవారు నాన్నగారు," అన్నాడు మిత్రుడు. ఇంజనీర్లమైన మాకు ఆ మాట రుచించింది. కొండలెక్కి దిగే వేటగాడు తేలికైన ఆయుధమే కోరుకుంటాడు. కాని బరువు తగ్గిన కొద్దీ ఊపిరి తీసినా కదులుతుంది. పేలినప్పుడు వెనుకకు బలంగా తంతుంది. సన్నని గొట్టం రెండు మూడు గుళ్ళకే వేడెక్కుతుంది. వానాకాలపు చెమ్మకు కొయ్య ఉబ్బి గొట్టాన్ని ఒకవైపు నొక్కితే గురి మారిపోతుంది. 1944లో బ్రిటిషు సైన్యం అడవి యుద్ధాల కోసం తేలిక చేసిన ఐదవ నంబరు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు సైతం గురి నిలకడగా ఉండదన్న అపఖ్యాతి తప్పలేదు.

దీనికి విరుగుడు రెండు చోట్ల ఉన్నది. ఒకటి ఆయుధంలో: కొయ్య గొట్టాన్ని ఎక్కడ తాకాలో, ఎక్కడ తాకరాదో చూసి సరిచేయడం. రెండవది తూటాలో: ప్రతి తూటాలోను మందు బరువు, గుండు బరువు, గుండు దిగిన లోతు ఒక్కలాగే ఉండేట్లు చూడడం. విదేశాలలో లైసెన్సుతో తూటాలు స్వయంగా నింపుకునేవారు సాధించేది ఇదే. ఎక్కువ బలం కాదు, ఎక్కువ సమానత. తూటా మంచిదా చెడ్డదా అన్న దానికన్నా, నిన్నటి తూటా వంటిదేనా అన్నది ముఖ్యం.

మరునాటి సాయంత్రం జె.ఆర్.డి. టాటా క్రీడా ప్రాంగణానికి వెళ్ళాము. 1996లో నెలకొల్పిన టాటా ఆర్చరీ అకాడమీ అక్కడే ఉన్నది. ఆటోరిక్షా నడిపే తండ్రికి పుట్టి, చిన్ననాట రాళ్ళతో మామిడికాయలు కొట్టి గురి నేర్చిన దీపికా కుమారి 2006లో ఇక్కడ చేరింది. 2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో రెండు స్వర్ణాలు గెలిచింది. 2012లో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరింది. శిక్షకురాలు పూర్ణిమా మహతో ఈ ఊరి బిడ్డే. ఆమెకు 2013లో ద్రోణాచార్య పురస్కారం, 2024లో పద్మశ్రీ లభించాయి.

గురి ఫలకం 70 మీటర్ల దూరాన ఉంటుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. మాలో ఒకరు జేబులోని కాగితం మీద లెక్క వేశారు. సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయే బాణానికి 70 మీటర్లు దాటడానికి సుమారు 1.17 సెకన్లు పడుతుంది. ఆ లోపల భూమ్యాకర్షణ దానిని 6.7 మీటర్లు క్రిందికి లాగుతుంది. వేగం నూటికి ఒక పాలు తగ్గితే చాలు, బాణం ఇంకొక 13 సెంటీమీటర్లు దిగువన తగులుతుంది. అంటే పది దాటిపోయినట్లే. అదే లెక్క సెకనుకు 750 మీటర్లు పోయే రైఫిల్ గుండుకు 200 మీటర్ల దూరాన వేస్తే తేడా 7 మిల్లీమీటర్లే. గాలి నిరోధాన్ని విడిచిపెట్టిన స్థూలమైన లెక్కే అయినా సంగతి స్పష్టమైంది. ఆయుధం ఎంత నెమ్మదిదైతే దాని 'తూటా'ల సమానత అంత కఠినంగా ఉండాలి. క్రీడాకారులు బాణాలకు సంఖ్యలు వేసుకుని, తీరు తప్పిన దానిని ప్రక్కన పెట్టడం ఇందుకే.

"అయితే త్రాసు లేని రోజులలో ఏం చేశారంటారు?" అన్నారు మాలో మరొకరు. మిత్రుడు నవ్వి, "రేపు చూద్దురు గాని," అన్నాడు. ఆదివారం ఉదయం బయలుదేరేటప్పుడు ఆ చెక్కపెట్టెను కారులో పెట్టాడు.

నగరానికి ఆనుకుని సుమారు 3,000 అడుగుల ఎత్తున దల్మా కొండలున్నాయి. 193 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమది, ఏనుగులకు ప్రసిద్ధి. వేసవిలో అవి కొండ మీది నీటిమడుగుల వద్ద ఉంటాయి; వానల తరువాత బెంగాలు వరిచేల వైపు దిగుతాయి. మకులాకోచా ద్వారం దగ్గర అడవి చూసి, తిరుగుదారిలో కొండ దిగువన ఒక సంతాల్ పల్లెలో ఆగాము. అలికి రంగులు దిద్దిన మట్టి గోడలు, అద్దంలాంటి వాకిళ్ళు. మిత్రుని తండ్రిగారితో ఒకప్పుడు అడవి తిరిగిన వృద్ధుడు ఒకాయన వేపచెట్టు క్రింద కూర్చుని ఉన్నాడు. మిత్రుడు ఆయనను 'బాబా' అని పిలిచి పాదాలంటాడు. సంభాషణ అంతా మిత్రుని ద్వారానే సాగింది.

ఆయన విల్లు వెదురుది. అల్లెత్రాడు కూడా వెదురు బద్దే. బాణపు కాడ రెల్లుది. మృగానికి ఇనుప మొన, పక్షికి మొద్దుమొన. చేతికి తీసుకున్న కాడను కంటి ముందు తిప్పి చూస్తాడు, వంకర ఉన్నచోట నిప్పుసెగకు కాచి సరిచేస్తాడు, వ్రేలి మీద నిలిపి బరువు ఎటు మొగ్గుతున్నదో చూస్తాడు. మా ఎదుటనే ఆరు బాణాలు అలా పరీక్షించి, ఒక దానిని ప్రక్కన పెట్టాడు. మా కంటికి ఆరూ ఒకటే.

మిత్రుడు త్రాసు తెరిచాడు. వృద్ధుడు ఆ పెట్టెను గుర్తుపట్టి, త్రాసు పళ్ళేన్ని ఒకసారి తడిమి, తూచుకోమని సైగ చేశాడు. ఆయన ఏరిన ఐదింటి మధ్య తేడా ఒక గ్రాముకు మించలేదు. ముప్పై గ్రాముల చిల్లర తూగిన ఆ బాణాల కన్న, ప్రక్కన పెట్టినది మూడు గ్రాములు ఎక్కువ. పాతిక మీటర్లలో అది అరజానెడైనా దిగువకు పోతుంది. గుండెకు పోవలసిన బాణం కాలికి తగులుతుంది.

"అంత తేడా ఏమవుతుందిలే అనిపించదా?" అని అడిగించాము. వృద్ధుడు కొంతసేపు మాట్లాడలేదు. పిదప చెప్పినదాని సారాంశమిది: పడుచుతనంలో ఒకసారి తొందరలో అటువంటి బాణమే వేశాడు. దుప్పి పడలేదు. మూడు రోజులు దాని నెత్తుటి జాడ వెంట నడిచాడు. దొరికేసరికి ఇంకా ప్రాణముంది. "ఆకలికి చంపితే అడవి క్షమిస్తుంది, చేతగాక బాధపెడితే క్షమించదు," అన్నాడు.

ఏటా మే నెల ప్రాంతంలో దల్మా మీద 'సేంద్రా' జరుగుతుంది. చుట్టుప్రక్కల ఆదివాసులు విల్లంబులతో కొండెక్కే సామూహిక వేట అది. సంతాలులకు అది వేట మాత్రమే కాదు. దిహ్రీ అనే వేటపూజారి పెద్దరికాన అడవిలోనే కొలువు తీరి, పల్లెలు తేల్చలేని తగవులను తీర్చే న్యాయస్థానం కూడా. ఇప్పుడు అభయారణ్యంలో వేట నిషిద్ధం. అటవీ అధికారులు ఆచారాన్ని ఆచారంగానే జరుపుకోమని, ప్రాణి జోలికి పోవద్దని నచ్చజెపుతారు. చట్టం లేకపోతే ఆ అడవిలో ప్రాణులు మిగలవన్నది నిజం. ఈ పల్లెల వారికి కొండ వారి తాతల ఇల్లన్నదీ నిజమే. మూడు రోజులలో తిరిగిపోయే మేము తీర్పు చెప్పదగిన విషయం కాదిది. ఆ సంవత్సరం తాను కొండెక్కి, మ్రొక్కి, వట్టి చేతులతో దిగివచ్చానన్నాడు వృద్ధుడు. ఆ గొంతులో కోపం వినిపించలేదు, సంతోషమూ వినిపించలేదు.

ఆయన మనుమడు, పన్నెండేళ్ళవాడు, గడ్డిమోపుకు సున్నంతో చుక్క పెట్టి బాణాలు వేస్తున్నాడు. నగరంలోని అకాడమీకి వెళ్ళాలని వాడి కోరిక. అందరికీ అక్కడ చోటు దొరకదు. దొరికితే తాత చేసిన రెల్లు బాణం అక్కడ పనికిరాదు. ఆ సంగతి తాతకు తెలుసు. అయినా వాడి ప్రతి బాణాన్నీ మృగానికి చేసినంత శ్రద్ధగానే చూస్తున్నాడు.

సెలవు తీసుకుంటూ, ప్రక్కన పెట్టిన ఆ ఆరవ బాణాన్ని జ్ఞాపికగా ఇమ్మని అడిగాము. వృద్ధుడు తల అడ్డంగా ఊపాడు. తప్పు బాణం తన చేతి నుండి మరొకరి చేతికి పోరాదట. మొన ఊడదీసి దాచుకుని, కాడను రెండుగా విరిచి పొయ్యిలో పెట్టాడు. బాగున్న ఐదింటిలో ఒకటి మా చేతిలో పెట్టాడు.

తిరుగు రైలులో మేము ముగ్గురం చాలాసేపు మాట్లాడుకోలేదు. తనిఖీ విభాగంలో ఏళ్ళు గడిపినవాళ్ళం. నెలాఖరు ఒత్తిడిలో, కొలతకు వెంట్రుకవాసి తేడాగా ఉన్న దానిని 'ఫరవాలేదు' అని సంతకం చేసి పంపిన రోజులు మాకు లేకపోలేదు. అది ఎవరి చేతికి చేరిందో, ఎక్కడ ఎవరిని బాధించిందో, దాని జాడ వెంట మూడు రోజులు నడిచినవారు మాలో ఎవరూ లేరు.

ఆ బాణం ఇప్పుడు మా విభాగంలో గోడ మీద ఉన్నది. దాని బరువెంతో మాత్రం ఎవరూ తూచలేదు. తూచవలసిన అవసరం కనబడలేదు.