డచ్చి కోచ్, కొరియా అన్నలు

శాన్ రామన్ నుంచి 680 రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే శాన్ హోసే వస్తుంది. 1980లో అక్కడి ఎర్త్‌క్వేక్స్ జట్టులో గూస్ హిడ్డింక్ అనే డచ్చివాడు ఆడాడు. ఆటగాడిగా ఆయన్ని ఇక్కడెవరూ పెద్దగా తలుచుకోరు. మేము తలుచుకునేది కోచ్‌గా. డచ్చివాళ్లు పరాయి దేశాల్లో కొట్టు పెట్టడం మనకేం కొత్త కాదు, 1605 నాటికే మచిలీపట్నం వచ్చి అద్దకం బట్టలు బేరమాడారు. ఈయన సరుకు మాత్రం వేరు.

1998 ప్రపంచ కప్పులో హాలండు కోచ్‌గా ఆయన కొరియాను 5-0తో చిత్తు చేశాడు. ఓడినవాళ్లే 2001లో ఆయన్ని పిలిచి తమ జట్టును చేతిలో పెట్టారు. అప్పటికి కొరియా అయిదుసార్లు ప్రపంచ కప్పుకు వెళ్లి ఒక్క ఆటా గెలవలేదు. మాకు సత్తువ ఉంది, నైపుణ్యమే తక్కువ అని వాళ్ల నమ్మకం. ఈయన చూసి, నైపుణ్యం ఫరవాలేదు, సత్తువే చాలదన్నాడు. రెండో జబ్బు ఇంకా లోతైనది. కొరియాలో తనకన్నా పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, 'హ్యుంగ్' అనాలి. మన 'అన్నయ్య' అన్నమాట. భోజనాల దగ్గర పెద్దవాళ్లది ఒక బల్ల, చిన్నవాళ్లది ఇంకో బల్ల. మైదానంలో అన్నగారు తప్పుచోట నిలబడితే తమ్ముడు అరిచి చెప్పడు. హిడ్డింక్ బల్లలు కలిపేశాడు, ఆటలో అందరూ పేర్లతోనే పిలుచుకోవాలన్నాడు.

ఇది చదివినప్పుడు మాకు మా సంఘం మీటింగులు కళ్లకు కట్టాయి. హాలు అద్దె రెట్టింపు కడుతున్నామని లెక్కలు తెలిసిన కుర్రాడికి ముందే తెలుసు. ఎదురుగా కూర్చున్నది బాబాయిగారాయె, అతను నోరు విప్పడు. తరువాత పార్కింగ్ లాటులో మాత్రం అందరికీ చెబుతాడు!

మొదట కొరియాలోనూ ఆయనకు తిట్లే. 2001లో ఫ్రాన్సు చేతిలో 5-0, చెక్ జట్టు చేతిలో మళ్లీ 5-0. పత్రికలు ఆయనకు 'అయిదు సున్నా' అని పేరే పెట్టాయి. 2002 జూన్‌లో అదే జట్టు పోలండును, పోర్చుగల్‌ను, ఇటలీని, స్పెయిన్‌ను దాటి సెమీఫైనల్ చేరింది. అర్ధరాత్రీ అపరాత్రీ లేచి టీవీ ముందు కూర్చున్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఇటలీ, స్పెయిన్ వాళ్లు రెఫరీలను ఇప్పటికీ తిడతారు, అందులో కొంత న్యాయం లేకపోలేదు. కొరియా మాత్రం ఆయనకు గౌరవ పౌరసత్వమిచ్చి, గ్వాంగ్జు స్టేడియానికి ఆయన పేరు పెట్టింది.

అదే పని ఒక కొరియావాడు చేసి ఉంటే? పెద్దా చిన్నా తెలియనివాడని వెళ్లగొట్టేవారని మా అనుమానం. పరాయివాడు కనుక చెల్లింది.

అలాగని 'గారు' తీసేస్తే కప్పులు వస్తాయనుకోవడానికీ లేదు. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన్ని అందరూ రహీం సాబ్ అనేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టుది నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, తలకు గాయమైన డిఫెండర్ జర్నయిల్ సింగును ముందుకు పంపించి ఆడించాడు. జర్నయిల్ గోలు కొట్టాడు, మనం 2-1తో గెలిచాం. ఓడింది కొరియానే! మరుసటి ఏడు క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు.

హిడ్డింక్ మందు అన్నిచోట్లా పనిచేయలేదు కూడా. ఆస్ట్రేలియాను 32 ఏళ్ల తరువాత 2006 ప్రపంచ కప్పుకు చేర్చాడు, 2008లో రష్యాతో సొంత హాలండునే 3-1తో ఓడించాడు. టర్కీ ఆయనతో 2012 యూరో కప్పుకు చేరలేదు. 2019లో చైనా కుర్రాళ్ల జట్టు నుంచి తప్పించారు. 2021లో విరమించుకున్నాడు.

శనివారాల్లో మా పిల్లలిద్దరూ సెంట్రల్ పార్కులో ఒకే జట్టుకు ఆడతారు. తమ్ముడు అన్నను పేరు పెట్టి కేకేస్తే గట్టు మీద కూర్చున్న అమ్మమ్మగారి మొహం మాడుతుంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: మైదానంలో పేరు, ఇంట్లో అన్నయ్య. చిన్నవాడు కాసేపు ఆలోచించి అడిగాడు, "మరి కారులో?"