వదినగారూ, ఆ మెగ్నీషియం సీసా ఒకసారి చూడనివ్వండి

వదినగారూ, ఎక్కడికండీ ఆ పరుగు? కుక్కరు సంగతి కుక్కరు చూసుకుంటుంది, కాసేపు ఇలా గోడ నీడకి రండి. మీ అమ్మాయి అమెరికా నుంచి పంపిందన్నారే మెగ్నీషియం బిళ్ళల సీసా, అది అన్నయ్యగారు రోజూ వేసుకుంటున్నారా, లేక బీరువాలో చీరల వెనక దాచేశారా? మంచి వస్తువు ఏదొచ్చినా ముందు దాచేస్తారు కదా మీరు, అందుకని అడుగుతున్నా. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందని అమ్మాయి ఫోన్లో చెప్పిందన్నారు. అబద్ధమేం కాదు. కానీ అందరికీ ఒకేలా చెప్పే మాట కూడా కాదది.

ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపేనండీ. ముల్లు గుచ్చుకుందనుకోండి. అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. రెండువేల ఏళ్ళ కిందటే రోములో సెల్సస్ అనే ఆయన ఈ నాలుగు గుర్తులూ రాసిపెట్టాడు. ఆ వాపు మన మేలు కోరి వచ్చేదే. గాయం మానగానే దాని దారిన అది పోతుంది. ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నది వేరే రకం. కంటికి కనపడదు, చేతికి తగలదు, లోపల్లోపల నెలల తరబడి సాగుతూనే ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళలో, గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు కూడా దాన్ని ఎగదోస్తుందట. అన్నయ్యగారి బొజ్జ మాట నేనెత్తలేదు సుమండీ, మొన్న మీరే ఎత్తారు.

దీన్ని పట్టుకోవడానికి సి.ఆర్.పి. అని ఒక రక్తపరీక్ష ఉంది. కాలేయంలో తయారయ్యే పదార్థం అది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థవాళ్ళు న్యుమోనియా రోగుల రక్తంలో మొదట కనిపెట్టారు. లీటరు రక్తానికి 1 మిల్లీగ్రాము లోపుంటే దిగులు లేదు. 3 దాటితే గుండె గురించి కాస్త ఆలోచించమంటారు. 10 దాటిందంటే మటుకు ఎక్కడో జ్వరమో చీమో ఉండి ఉంటుంది, ముందు దాన్ని చూడాలి. పంటికి చీము పట్టినా పెరుగుతుందండీ ఈ అంకె! మా పెద్దాడపడుచు జలుబు చేసి, ముక్కు చీదుకుంటూనే వెళ్ళి పరీక్ష చేయించుకుంది. రిపోర్టు చూసుకుని పాపం అన్నం సయించలేదు ఆవిడకి. ఒంట్లో బాగున్నప్పుడు చేయించుకోవాల్సింది.

మెగ్నీషియానికీ దీనికీ లంకె ఏమిటంటారా? ఎలుకల గురించి చెప్పాలి మీకు. మెగ్నీషియం లేని తిండి పెట్టి చూశారట వాటికి. కొద్దిరోజులకే చెవులు ఎర్రగా కందిపోయాయి! ఆ బుల్లి చెవులు తలుచుకుంటే నాకు జాలేస్తుంది. మన ఒంట్లో కణంలోకి కాల్షియం హద్దుమీరి పోకుండా మెగ్నీషియం అడ్డుకుంటుంది. అది తగ్గితే కాల్షియం లోపలికి చొరబడి, వాపు పుట్టించే రసాయనాలని లేపుతుంది.

ఎలుకల మాట సరే, మనుషుల్లోనూ చూశారు. 2022లో ఇటలీ పరిశోధకులు కొందరు 17 పరీక్షలు ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మొత్తం 889 మంది. మెగ్నీషియం బిళ్ళలు వేసుకున్నవాళ్ళకి సి.ఆర్.పి. తగ్గింది. అయితే అంతకు ముందు 2017లో ఇలాగే కలిపి చూసినవాళ్ళకి, అందరినీ లెక్కలోకి తీసుకుంటే పెద్ద తేడా కనిపించలేదు. మొదటే 3 దాటి ఉన్నవాళ్ళని విడిగా తీసి చూస్తే మాత్రం తగ్గుదల కనిపించింది. కిటుకంతా అక్కడే ఉంది వదినా. వాడిన మొక్కకి నీళ్ళు పోస్తే తల ఎత్తుతుంది, నిండిన కుండీలో పోస్తే కిందనుంచి కారిపోతుంది. లోటు ఉండి, లోపల వాపు ఉన్నవాళ్ళకి ఈ బిళ్ళ కొంత సాయం చేస్తుంది. ఏ లోటూ లేనివాళ్ళకి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

లోటు ఎవరికి వస్తుందంటే, షుగరు అదుపులో లేనివాళ్ళకి మూత్రంలో పోతుంది. ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళకీ అంతే. ఇంకొకటి చెప్తే మీరు ఉలిక్కిపడతారు. పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఉంది చూడండి, దాన్ని ఏడాదికి పైగా మానకుండా వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని 2011లోనే అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. మన వీధిలో ఆ మాత్ర లేని ఇల్లు చూపించండి! పెళ్ళి భోజనానికి బయల్దేరుతూ ఒకటి, వచ్చాక ఒకటి. పోనీ రక్తంలో చూసుకుందామా అంటే అదీ తిన్నగా తేలదు. ఒంట్లో మొత్తం 25 గ్రాములుంటే సగానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది, రక్తంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. రక్తంలో అంకె బాగానే ఉండి, లోపల తక్కువై ఉండొచ్చు.

ఇంతకీ మీ మోకాలు ఎలా ఉంది? మెట్టెక్కేటప్పుడు ఆ నడుం పట్టుకోవడం చూస్తూనే ఉన్నా. మీకు కోపం రాకపోతే ఒకటి చెప్తాను. రిపోర్టులో అంకె తగ్గడం వేరు, అరిగిన మోకాలి నొప్పి తగ్గడం వేరు. ఇది నొప్పి బిళ్ళ కాదు. రాత్రి వేసుకుని, పొద్దున్నే మెట్లెక్కి చూసి, ఏం తగ్గలేదని సీసా విసిరికొట్టకండి. ఇందాక చెప్పిన బిళ్ళల పరీక్షలన్నీ వారాలూ నెలలూ సాగినవి.

ఏదీ, ఆ సీసా ఇలా తిప్పండి, వెనకవైపు. ఇక్కడే మోసపోతాం మనం. మెగ్నీషియం గ్లైసినేట్ 1000 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అందులో అసలు మెగ్నీషియం 140 మిల్లీగ్రాములే. మిగతాదంతా దానికి అంటిపెట్టుకున్న గ్లైసిన్ బరువు. ఆక్సైడు రకం చవగ్గా దొరుకుతుంది, అందులో మెగ్నీషియం వాటా ఎక్కువే, కానీ ఒంటికి పట్టేది తక్కువ. పట్టనిది పేగుల్లోనే ఉండి నీళ్ళ విరేచనాలు చేస్తుంది. పెద్దవాళ్ళు మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఉందే, అది పనిచేసేదీ ఇదే దారిలో. బిళ్ళల రూపంలో రోజుకి 350 మిల్లీగ్రాములు దాటొద్దని అమెరికావాళ్ళు, 250 చాలని యూరపువాళ్ళు హద్దు పెట్టారు.

మీ అత్తగారికి మాత్రం ఇవ్వకండి వదినా, దండం పెడతాను. ఆవిడకి కిడ్నీ బాగాలేదన్నారు కదా. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి పంపలేకపోతే రక్తంలో పేరుకుపోయి, బీపీ పడిపోయి, గుండె దాకా వెళ్తుంది. ప్రేమకొద్దీ ఒక బిళ్ళ పెట్టడం మనవాళ్ళకి అలవాటు, కానీ ఇక్కడ డాక్టరుని అడగనిదే వద్దు. మీ థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఆ మాత్ర ఒంటికి పట్టదు. కొన్ని యాంటీబయాటిక్‌లతోనూ అదే గొడవ. మీరేమో అన్ని మాత్రలూ ఒక గుప్పిట్లో పోసుకుని ఒక్క గుటకలో మింగేస్తారు, నేను చూశాను!

నన్నడిగితే వంటింట్లోంచి మొదలుపెట్టమంటాను. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళ 2020 లెక్క ప్రకారం మగవాళ్ళకి రోజుకి 440 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 370 కావాలి. వంద గ్రాముల రాగుల్లో 140 పైచిలుకు ఉంటుంది. పాలిష్ బియ్యంలో 20 దరిదాపు, అంతే. తవుడుతో పాటే పోయింది మిగతాదంతా. నువ్వుల్లో బోలెడు, నాగులచవితికి చేసే చిమ్మిలి ఏడాదికి ఒక్కరోజే ఎందుకు తినాలో నాకర్థం కాదు. గుమ్మడి గింజలైతే గుప్పెడు తింటే చాలు, 150 వస్తుంది. సంక్రాంతికి దప్పళంలోకి అంత పెద్ద గుమ్మడికాయ కోసి, గింజలన్నీ పెంటమీద పోశారు మీరు. తర్వాత సూపర్‌బజారులో అవే గింజలు చిన్న ప్యాకెట్టు కొన్నారు. ఈసారి నాకు కబురెయ్యండి, కడిగి చాటలో ఎండబెట్టిస్తాను.

ఆకుకూర సంగతి మరిచాను. ఆకుకి ఆ పచ్చరంగు ఇచ్చే పత్రహరితం ఉందే, దాని నడిమధ్య కూర్చున్నదే మెగ్నీషియం! అన్నయ్యగారికి తోటకూర పులుసంటే ఇష్టమేగా, వారానికి రెండుమూడుసార్లు చెయ్యండి. ఉడికించిన నీళ్ళు మాత్రం వంపెయ్యకండి, కొంత అందులోకే దిగిపోతుంది, చారులో కలిపెయ్యండి. అదిగో, మీ కుక్కరు మూడో కూత కూసింది. వెళ్ళి ఆపి రండి, అన్నయ్యగారి గ్యాస్ మాత్ర పేరేమిటో ఆ అట్ట కూడా పట్టుకురండి.